ఆదివారం తూకం

కాటాల మేస్త్రికి తూకం తప్ప ఇంకో ధ్యాస లేదు. అందుకు అతన్ని తప్పుపట్టడానికీ లేదు, అది అతని పొట్టకూటి పని. వీధి మలుపులో ఒక ఇరుకు గది, గోడలకు వేలాడే పాత త్రాసు పళ్ళేలు, మూలన పిడి పట్టుకుని ఎత్తే ఇనప రాళ్ళు, బల్ల మీద పొట్ట విప్పి పడుకోబెట్టిన ఎలక్ట్రానిక్ కాటాలు. చుట్టుపక్కల ఏ కొట్లో కాటా మొరాయించినా ఇక్కడికి రావలసిందే. విప్పుతాడు, తుడుస్తాడు, తీగ మారుస్తాడు, సరైన రాయి పెట్టి అంకె కదలకుండా నిలిచేదాకా చూసి అప్పుడు గానీ వదలడు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ మహానుభావుడు కన్నకూతుర్ని కూడా ఆ కాటా మీదే పెంచాడు. మాటవరసకు కాదు, నిజంగానే.

ఆ పిల్ల ఏడో నెల నిండీ నిండకుండానే పుట్టింది. కిలోకు కాస్త తక్కువే. చూడగానే నానమ్మ "గుప్పెడు కూడా లేదురా" అని గోడకు చేరగిలబడింది. ఆ మాటే పేరై కూర్చుంది. బడిలో వేరే పేరుంది గానీ వీధి మొత్తానికీ ఆ పిల్ల గుప్పెడే. పదకొండేళ్ళు వచ్చి, ఎత్తబోతే నడుం పట్టేసేంత పిల్లను పట్టుకుని ఇంకా గుప్పెడూ గుప్పెడూ అని పిలుస్తుంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆ పిల్లకు మాత్రం రాదు.

పుట్టిన కొత్తలో ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. మేస్త్రి పొద్దున్నే వెళ్ళి ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాడు. బతుకుతుందా అని అడిగితే ఎవరూ సూటిగా చెప్పేవాళ్ళు కాదు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయా అంటే చూద్దాం అనేవాళ్ళు. కళ్ళ సంగతేమిటంటే పెద్ద డాక్టరు వచ్చి చెబుతారు అనేవాళ్ళు. బరువెంత అని అడిగితే మాత్రం నర్సు తడుముకోకుండా అంకె చెప్పేది. పది మాటలు అడిగితే ఒక్కదానికే జవాబు దొరికే చోట మనిషి ఆ ఒక్కదాన్నే పట్టుకు వేలాడతాడు. నిన్నటి కంటే నాలుగు గ్రాములు పెరిగితే ఆ పూట అన్నం తినేవాడు, తగ్గితే మానేసేవాడు.

ఇంకొకటి కూడా అక్కడే జరిగింది. ఒకరోజు మధ్యాహ్నం అతను చూస్తుండగానే పిల్ల ఊపిరి ఆగింది. పెట్టె పక్కనున్న యంత్రం కూత పెట్టింది. నర్సు ఏ హడావిడీ పడకుండా వచ్చి, పక్కనున్న రంధ్రంలోంచి చెయ్యి లోపలికి పెట్టి, ఆ వేలెడంత అరికాలి మీద వేలితో టక్కున ఒకటి కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి తీసింది. నెలలు నిండని పిల్లలు అప్పుడప్పుడూ ఇలా ఊపిరి తీయడం మరిచిపోతారని, పెద్దయ్యే కొద్దీ పోతుందని చెప్పి ఆవిడ తన పనికి తాను వెళ్ళిపోయింది. పిల్లకు అది పోయింది. మేస్త్రికి ఆ భయం పోలేదు. ఇంటికి తెచ్చాక కూడా నిద్రపోయే పిల్ల అరికాలు తట్టి లేపేసేవాడు. అప్పుడే కళ్ళు మూతపడిన పసిగుడ్డును ఇలా లేపి ఏడిపించి, పైగా "చూశావా, ఊపిరి తీస్తోంది" అని సంబరపడేవాడు. ఆ పిల్లను జోకొట్టలేక తల్లికి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆదివారం తూకం అలా మొదలైంది. బస్తాలు తూచే పెద్ద కాటాను గుమ్మంలోకి లాగి, దాని మీద గుడ్డ పరిచి, పిల్లను పడుకోబెట్టి, అంకె పైకి చదివేవాడు. ఎదురుగా రొట్టెల కొట్టు నడిపే పెద్దాయన, వీధంతా బాబాయ్ అని పిలిచే మనిషి, ఆ అంకె వినడానికి కొట్టు వదిలి వచ్చేవాడు. పోయిన వారం కంటే ఎక్కువుంటే చప్పట్లు. పిల్లకు పళ్ళొచ్చాక ఆ చప్పట్లకు తోడు వెన్న రాసిన బన్ను ఒకటి చేరింది. నాలుగిళ్ళ వాళ్ళూ వచ్చి బిస్కెట్లో, అరటిపండో చేతిలో పెట్టి పోయేవాళ్ళు. నిజం చెప్పాలంటే వాళ్ళందరూ మంచివాళ్ళే. బతకదనుకున్న పిల్ల బతికినందుకు వీధి వీధంతా సంతోషపడింది. ఆ సంతోషం ఎక్కడ ఆపాలో ఒక్కరికీ తెలియలేదు, అదీ గొడవ.

పిల్ల పడుకునే వయసు పోయి కూర్చునే వయసు వచ్చింది, అదీ పోయి నిలబడే వయసు వచ్చింది, కాటా మాత్రం పోలేదు. పదకొండేళ్ళ ఆడపిల్ల ఆదివారం పొద్దున్నే వీధి గుమ్మంలో చెప్పులు విప్పి కాటా ఎక్కాలి. "కదలకు" అనేవాడు తండ్రి, బస్తాతో అన్నట్టు. అంకె గట్టిగా చదివేవాడు. వీధి వినేది. పిల్ల తలొంచుకుని బన్ను తీసుకుని లోపలికి వెళ్ళేది. అది వద్దని మేస్త్రి భార్య చెప్పని రోజు లేదు. ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది, పొద్దంతా మెషీను చప్పుడులో ఉండి ఉండి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడుతుంది, అయినా ఆ మాట మొగుడి చెవికి ఎక్కలేదు. గోడకు చెప్పుకుంటే కాస్త సున్నమైనా రాలి ఉండేదని విసుక్కునేది.

తిండి విషయంలో నానమ్మ కొడుకును మించిపోయింది. ఏడో నెల పిల్ల, రక్తం చాలదు, ఇంకో ముద్ద. ఏడో నెల పిల్ల, ఎముక గట్టిపడాలి, ఇంకో గ్లాసు పాలు. పిల్ల చాలు అంటే వినేది కాదు, కడుపు నిండిందంటే నమ్మేది కాదు. ఇటు మేస్త్రి పిల్లను పరిగెత్తనిచ్చేవాడు కాదు. ఆయాసం అన్న మాట వింటే అతని ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. బడికి వెళ్ళి ఆటల టీచరుకు చెప్పి వచ్చాడు, మా పిల్లకు ఊపిరి ఆడని జబ్బు ఉండేది, ఎగరనివ్వకండి, దూకనివ్వకండి అని. అందుకని ఆటల పీరియడ్‌లో గుప్పెడు బెంచీ మీద కూర్చుని మిగతా పిల్లల సంచులకూ నీళ్ళ సీసాలకూ కాపలా కాసేది. చేరిన ఏడాది నుంచీ అదే ఉద్యోగం. మూడో అంతస్తులో క్లాసు పడితే మధ్యలో రెండుచోట్ల ఆగి మెట్లెక్కేది. చూశారా, దానికి ఆయాసమే, నేను చెప్పలేదా అనేవాడు మేస్త్రి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ ఏడు బడికి వైద్యులు వచ్చి పిల్లలందర్నీ చూశారు. గుప్పెడు బీపీ వయసుకు ఉండాల్సిన దానికంటే ఎక్కువుందని, పెద్దాస్పత్రిలో చూపించమని కబురు పంపారు. పదకొండేళ్ళ పిల్లకు బీపీ ఏమిటని నానమ్మ బడి మీదికి యుద్ధానికి బయల్దేరింది. ఆవిడను ఇంట్లో కూర్చోబెట్టి, మొగుడూ పెళ్ళాలు పిల్లను తీసుకుని వెళ్ళారు.

అక్కడ డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఎప్పుడు పుట్టింది, ఎంతతో పుట్టింది, ఏం తింటుంది, ఏం ఆడుతుంది అని అన్నీ అడిగింది. ఆడదు అని మేస్త్రి గర్వంగా చెప్పాడు. ఆవిడ పిల్ల చేతికి పట్టు బలం కొలిచే పిడి ఒకటి ఇచ్చి బలంకొద్దీ నొక్కమంది, వచ్చిన అంకె చూసి పెదవి విరిచింది. తర్వాత ఒక యంత్రం మీద నిలబెట్టింది. అడుగుల కింద రెండు రేకులు, చేతులకు రెండు పిడులు, ఎదురుగా ఒక తెర. ఒంటి బరువులో కొవ్వు ఎంతో, కండ ఎంతో ఇది అంచనా కట్టి చెబుతుందని అంది.

మేస్త్రికి చుర్రుమంది. ఎన్ని కాటాల పొట్టలు విప్పిన చేతులు అవి. కాటా బరువు చెబుతుంది గానీ బస్తాలో బియ్యమో మట్టో చెబుతుందా అని అడిగాడు. ఇది చెబుతుంది అని డాక్టరమ్మ అంది. ముద్ర ఉందా అన్నాడు. తూనికల శాఖ వాళ్ళు వేసే ముద్ర లేనిదే ఏ కాటా మాటా నమ్మకూడదని అతని సిద్ధాంతం. వంగి యంత్రం అడుగున వెతికాడు. అక్కడితో ఆగాడా, సంచిలోంచి పరీక్ష రాయి తీసి దాని మీద పెట్టాడు. కొందరి సంచిలో గొడుగు ఉన్నట్టు ఇతని సంచిలో ఇనప రాయి ఎప్పుడూ ఉంటుంది. నర్సు గోల పెట్టింది, భార్య తలపట్టుకుంది, పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది. యంత్రం రాయి బరువు ఇంత అని చూపించింది. ఉన్నది ఉన్నట్టే చూపించింది. ఒక్క అంకె తేడా ఉన్నా లేచి ఇంటికి వచ్చేసేవాడు. తేడా లేకపోయేసరికి అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి బరువు బాగానే వస్తుందట గానీ అందులో కండ వంతు తక్కువ, కొవ్వు వంతు ఎక్కువ ఉంటుందట. అమ్మ కడుపులో నిదానంగా ఎదగాల్సిన వారాలు బయట గడిచిపోవడం దానికి ఒక కారణమట. అలాంటి పిల్లలకు పెద్దయ్యాక బీపీ, చక్కెర జబ్బు లాంటివి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువట. అందరికీ వస్తాయని కాదు, చాలామంది శుభ్రంగా ఉంటారు, కనిపెట్టుకుని ఉండాలి అంతే. పసితనంలో బరువు కోసం పడిన ఆరాటం తప్పు కాదని, అప్పుడది కావలసిందేనని కూడా అంది. ఇప్పుడు కావలసింది వేరు. అందరిలా తిననివ్వండి, ఎక్కువ కుక్కొద్దు, కడుపు మాడ్చొద్దు, ముఖ్యంగా ఆడనివ్వండి, పరిగెత్తనివ్వండి అంది. ఆయాసం సంగతి మేస్త్రి అడిగితే, ఊపిరితిత్తులు విని, పరీక్ష చేయించి, వాటికేమీ లేదని, ఆడని పిల్ల మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసమే వస్తుందని చెప్పింది.

ఇన్ని మాటల్లో మేస్త్రికి వినబడింది ఒక్కటే, కొవ్వు ఎక్కువ. అంటే బరువు తగ్గాలి. భార్య దారి పొడుగునా నెత్తీ నోరూ బాదుకుంది, ఆవిడ తగ్గించమని అనలేదండీ, ఆడించమంది అని. అదీ ఇదీ ఒకటేలే అన్నాడు. ఇన్నేళ్ళూ పెరగాలి అన్నారు, పెంచాం, ఇప్పుడు తగ్గాలి అంటున్నారు, తగ్గిద్దాం, డాక్టర్లకు ఒక మాట మీద ఉండటం చేతకాదు గానీ మనకు చేతనవును అన్నాడు. ఈ మనిషికి చెప్పడం కంటే ఇనప రాయికి చెప్పడం నయం.

ఆ ఆదివారం నుంచి తూకం తిరగబడింది. బన్ను బంద్. బాబాయ్ చిన్నబుచ్చుకున్నాడు గానీ విషయం తెలిశాక ఆయనే ముందుకొచ్చి, తగ్గిన వారం చప్పట్లు కొడదాం అని తీర్మానించాడు. వీధికి ఏముంది, చప్పట్లు కొట్టడానికి ఏదో ఒక అంకె కావాలి. ఇంట్లో కంచం సగమైంది. నానమ్మ మూడురోజులు కొడుకుతో మాట్లాడలేదు, నాలుగోరోజు నుంచి దొంగచాటుగా పిల్ల నోట్లో ఉడికించిన గుడ్డు కుక్కడం మొదలుపెట్టింది. మేస్త్రి అది పట్టుకుని తల్లి మీద అరిచాడు. ఆవిడ నీ కూతుర్ని నువ్వే మాడ్చి చంపుతావురా అని శాపనార్థాలు పెట్టింది. పొద్దున్న ఫ్యాక్టరీ మెషీను మోత, సాయంత్రం ఈ మోత. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మేస్త్రి భార్యకు.

మొదట్లో అంకె పెద్దగా కదల్లేదు. కాటా మీద నిలబడ్డ పిల్ల అంకె వైపు చూడదు, తండ్రి ముఖం వైపు చూస్తుంది. అంకె దిగకపోతే ఆ ముఖం ముడుచుకునేది. ఆ తర్వాత ఒక ఆదివారం అంకె దిగింది. వచ్చేవారం ఇంకాస్త దిగింది. ఆ పై వారం ఇంకా. మేస్త్రి వీధిలో తలెత్తుకు తిరిగాడు. బాబాయ్ చప్పట్లు కొట్టాడు. బరువు పెంచిన చేత్తోనే తగ్గించాను చూడు అని మేస్త్రి భార్య ముందు ఛాతీ విరుచుకున్నాడు. ఆవిడ పిల్ల కళ్ళ కింద నలుపు చూసింది. పొద్దున లేవడానికి మొరాయించడం చూసింది. ఏమే బాగున్నావా అంటే బాగున్నానమ్మా అంటుంది పిల్ల. దాన్ని ఆడుకోవడానికి పంపండి, డాక్టరమ్మ చెప్పింది అదే కదా అని ఆవిడ మొగుణ్ణి మళ్ళీ అడిగింది. ముందు తగ్గనీ, తర్వాత ఆడుతుంది, ఇంత నీరసంగా ఉన్నప్పుడు పరిగెత్తితే ఆయాసం రాదూ అన్నాడు. విన్నారా ఆ తర్కం. నీరసం తెప్పించిందీ తనే, నీరసమని ఆటకు పంపనిదీ తనే.

డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న రోజు వచ్చింది. మేస్త్రి ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. పరీక్ష రాయి ఇంట్లోనే వదిలేశాడు, అంత ధీమా. గదిలోకి అడుగు పెడుతూనే, అడగకముందే, పిల్ల బరువు ఎంత తగ్గిందో చెప్పేశాడు. డాక్టరమ్మ శభాష్ అంటుందనుకున్నాడు. ఆవిడ ముఖంలో నవ్వు రాలేదు.

పిల్ల చేతికి పిడి ఇచ్చింది. పిల్ల నొక్కింది. పోయినసారి వచ్చినంత కూడా రాలేదు. యంత్రం ఎక్కించింది. తెర మీది అంకెలను పోయినసారి కాగితంతో పోల్చి చూసింది. చివరికి తెర మేస్త్రి వైపు తిప్పి, బరువు తగ్గింది నిజమే గానీ తగ్గింది కొవ్వు కాదు, కొవ్వు ఇంచుమించు ఉన్నచోటే ఉంది, ఉన్న కాస్త కండే కరిగిపోయింది అని చెప్పింది. బీపీ కూడా తగ్గలేదు. ఎదిగే పిల్ల, కదలకుండా కూర్చుని తిండి మానేస్తే ఒళ్ళు ముందు కండనే తింటుంది, అసలు ఏం పెడుతున్నారు ఈ పిల్లకు అని మొదటిసారి గొంతు పెంచింది.

మేస్త్రి నోరు తెరిచాడు. మధ్యాహ్నం బడికి డబ్బా నిండా పెడుతున్నామని, పొద్దున రాత్రి మాత్రమే సగమని, లెక్క చెప్పుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ అతన్ని ఆపి పిల్ల వైపు తిరిగింది.

"మధ్యాహ్నం డబ్బా తింటున్నావా అమ్మా?"

పిల్ల తలొంచుకుంది. లేదు అంది. సంచులకు కాపలా కాస్తుంది కదా, ఆ సంచుల పిల్లలకే పెట్టేస్తోందట. శనివారం అయితే మంచినీళ్ళు కూడా సగమేనట. ఎవరు చెప్పారు అలా చేయమని అని అడిగింది డాక్టరమ్మ. ఎవరూ చెప్పలేదు అంది. మరి ఎందుకు అంటే, పిల్ల డాక్టరమ్మకు చెప్పలేదు, తండ్రికి చెప్పింది.

"ఇంతకుముందు పెరిగితే నవ్వేవాడివి నాన్నా. అప్పుడు ఆకలి లేకపోయినా తినేదాన్ని. పొద్దున్నే చెంబుడు నీళ్ళు తాగి కాటా ఎక్కేదాన్ని. ఇప్పుడు తగ్గితే నవ్వుతున్నావు. అందుకే తగ్గించాను."

మేస్త్రి భార్య కుర్చీలోంచి లేచి పిల్ల పక్కకు వెళ్ళి నిలబడింది. మేస్త్రి కదల్లేదు. ఇన్నేళ్ళూ ఒక్క కాటా తప్పు చూపిస్తే ఒప్పుకోని మనిషి, తన గుమ్మంలో తన కాటా మీద, వారం వారం కన్నకూతురు నీళ్ళు తాగి తూగుతుంటే కనుక్కోలేకపోయాడు. ఇంకెవరైనా అయితే సిగ్గుపడేవారు. ఇతనికి ముందు కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన గాజుబిళ్ళను అటు జరిపి ఇటు జరిపాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి ఏం చూసుకోవాలి నేను?" అని అడిగాడు. "తూకం కూడా చూడకపోతే ఇది బాగుందని నాకెలా తెలుస్తుంది?"

ఇంట్లో తూకం వద్దు, ఇక్కడ మేము చూసుకుంటాం అంది డాక్టరమ్మ. మీరు కడుపు నిండా పెట్టి వీధిలోకి వదలండి, ఆడి వచ్చిన పిల్ల ముఖం చూడండి, తెలుస్తుంది అంది. మేస్త్రికి ఆ జవాబు బొత్తిగా నచ్చలేదు. ముఖం చూస్తే ఏం తెలుస్తుంది, దానికి అంకె ఉందా, ముద్ర ఉందా అని దారంతా గొణుగుతూనే వచ్చాడు. భార్య అవేమీ పట్టించుకోకుండా పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.

ఆదివారం వచ్చింది. గుమ్మంలో పెద్ద కాటా లేదు. మేస్త్రి దాన్ని లోపలి గోడకు చేర్చి పైన గోనెపట్టా కప్పాడు. అలవాటు కొద్దీ పిల్ల వచ్చి చెప్పులు విప్పబోయింది, ఖాళీ గుమ్మం చూసి ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. తల్లి లోపల్నుంచి బడి బూట్లు తెచ్చి ముందు పడేసింది. వీధి చివర ఖాళీ స్థలంలో పిల్లలు అంటుకునే ఆట ఆడుతున్నారు, వెళ్ళమంది.

"ఏడో నెల పిల్ల" అని మేస్త్రి నోటి వెంట వచ్చేసింది.

"ఏడో నెల అయిపోయి పదకొండేళ్ళయిందండీ," అంది భార్య. "ఇక అది ఆరో తరగతి పిల్ల."

పిల్ల తండ్రి ముఖం చూసింది, కాటా మీద నుంచి చూసినట్టే. మేస్త్రి ముఖం తిప్పుకుని బల్ల మీదున్న కాటాలో ఏదో వెతికాడు. అది అనుమతో కాదో తేల్చుకోలేక ఒక నిమిషం ఆగి, పిల్ల బూట్లు వేసుకుని వెళ్ళింది. నానమ్మ అరుగు మీద కూర్చుని అయ్యో అయ్యో అనుకుంటూనే ఉంది. ఆవిడను ఊరుకోమనే ఓపిక ఎవరికీ లేదు.

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు ఉంది గానీ కళ్ళు వీధి చివరే ఉన్నాయి. పిల్లకు పరిగెత్తడం రాదు. చేతులు ఎటో, కాళ్ళు ఎటో. రెండు అడుగులు వేసేసరికి ఎవరో ఒకరు అంటుకుంటున్నారు, దొంగను చేసేస్తున్నారు. అయినా నవ్వుతోంది. అలా కొంతసేపు సాగింది. అంతలో పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది. పొట్ట పట్టుకుంది. గట్టు మీద కూలబడింది. నోరు తెరిచి ఆయాసపడుతోంది, భుజాలు ఎగసిపడుతున్నాయి, ముఖం కందగడ్డలా అయింది.

మేస్త్రి ఎప్పుడు లేచాడో, ఎప్పుడు పరిగెత్తాడో అతనికే తెలియదు. ఒక చెప్పు గుమ్మంలో, ఇంకో చెప్పు నడివీధిలో ఊడిపోయాయి. వెళ్ళీ వెళ్ళడంతోనే పిల్ల ముందు మోకాళ్ళ మీద పడి, పాదం ఒళ్ళోకి లాక్కుని, బూటు పీకేసి, అరికాలి మీద తట్టడం మొదలుపెట్టాడు. పిల్లలంతా ఆట ఆపి చుట్టూ మూగారు. అతనికి వీధి కనబడటం లేదు, అద్దాల పెట్టె కనబడుతోంది. చెవుల్లో యంత్రం కూత.

"ఉండు నాన్నా," అంది పిల్ల, మాట మాటకూ ఆగుతూ. "వస్తోంది. దానంతట అదే వస్తుంది."

తట్టే చెయ్యి ఆగింది. పాదం మాత్రం వదల్లేదు. పిల్ల ఊపిరి పెద్దగా వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది. కాస్త చిన్నదైంది. ఇంకాస్త నిదానించింది. ఎవరూ తట్టకుండానే. పదకొండేళ్ళలో అతను ఒక్కసారి కూడా అంతసేపు ఆగి చూడలేదు. ఆయాసం వస్తుందన్న భయమే గానీ, వచ్చింది పోతుందని చూసి ఎరగడు. పిల్ల నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. తండ్రి ముఖం వైపు చూడలేదు. ఆట ఎక్కడిదాకా వచ్చిందా అని చూస్తోంది.

ఈలోగా రొట్టెల బాబాయ్ రొప్పుకుంటూ వచ్చాడు. పొద్దున్నుంచీ గుమ్మంలో కాటా లేదని ఆయనకు ఒకటే కొట్టుకుపోవడం. పిల్లకేం కాలేదని తెలుసుకుని, ఇక ఆగలేకపోయాడు.

"ఇంతకీ ఈ వారం ఎంత తూగింది మేస్త్రీ?"

"తెలీదు బాబాయ్."

తెలీకపోవడం ఏమిటని ఆయన తెల్లబోయాడు. పెరిగిందా, తగ్గిందా, అదైనా చెప్పు, వీధికి నేనేం చెప్పాలి అన్నాడు. తెలీదన్నానా, తూచలేదు, తూచను అని మేస్త్రి కసిరాడు. ఆ మాట అంటుంటే అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. బాబాయ్ ఇంకో మాట అడగబోయేలోపు పిల్ల చటుక్కున పాదం లాక్కుని లేచింది. ఎవరో పిలిచారు. గుప్పెడూ అని కాదు, నువ్వే దొంగ రావే అని పిలిచారు. ఒక కాలికి బూటు, ఒక కాలికి ఉత్త మేజోడు, అలాగే ఉరికింది.

మేస్త్రి రెండు ఉత్తకాళ్ళతో గట్టు దగ్గరే నిలబడ్డాడు. చేతిలో కూతురి బూటు ఉంది. దాన్ని పైకెత్తి, వీధంతా వినబడేలా విసుగ్గా కేకేశాడు.

"బూటు వేసుకుని పరిగెత్తవే!"